పాత స్లీపర్లు గట్టివే, కొత్త గుంజలే పుచ్చిపోయాయి: గజపతి కొండల్లో ఒక కాలిబాట కేస్ స్టడీ

పర్లాకిమిడికి ఈశాన్యంగా, మహేంద్రగిరి వైపు సాగే కొండల వరసలో ఒక కాలిబాట ఉంది. పేరు రాయడం లేదు. మొదట్లో అది ఊరివాళ్లు కట్టెలకూ అటవీ సరుకుకూ తిరిగిన దారి. పైన చిన్న శివాలయం ఉంది కాబట్టి శివరాత్రికి జనం విరగబడతారు. ఈమధ్య చలికాలంలో శ్రీకాకుళం, బరంపురం, విశాఖ నుంచి కుర్రకారు బ్యాగులు తగిలించుకుని వస్తున్నారు. బాట బాగోగులు చూసేవాళ్లు నన్ను పిలిచింది ఒక్క పనికే: "పాత చెక్కంతా తీసేసి కొత్తది వేయడానికి ఎస్టిమేటు ఇవ్వండి."

చివరికి నేనిచ్చిన ఎస్టిమేటులో తీసేసినవాటిలో ఎక్కువ భాగం కొత్తవి, ఉంచినవాటిలో ఎక్కువ భాగం పాతవి. అలా ఎందుకు తేలిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బాట మీద చెక్కతో కట్టినవి నాలుగు. గెడ్డ (కొండవాగు) మీద కాలివంతెన, నిటారు చోట్ల దుంగలు అడ్డం పెట్టి మట్టి నింపిన మెట్లు, లోయ కనిపించే మలుపులో రెయిలింగు, సగం దారిలో విశ్రాంతి పాక. పాక సంగతి ముందే తేల్చేస్తాను. పెంకుల కప్పు, బాగా బయటికి దించిన చూరు, గుంజలన్నీ రాతి దిమ్మల మీద నిలబెట్టినవి. కట్టినవాడెవరో గానీ పని తెలిసినవాడు. ఒక గుంజ పాదం దగ్గర చెద మట్టి కనిపించింది, గోకి చూస్తే పైపొరలోనే ఆగిపోయింది. మట్టి దులిపి, దిమ్మ చుట్టూ నేల కాస్త దించమన్నాను. అంతకుమించి పాక జోలికి పోలేదు.

ఏ చెక్క ఎప్పటిది

వంతెన మీద పరిచినవి రైలు స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క దిమ్మలు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై తర్వాత గుణుపురం దాకా సాగిన చిన్న రైలు ఈ ప్రాంతం పెద్దవాళ్లందరికీ గుర్తే. రెండున్నర అడుగుల గేజి. బ్రాడ్‌గేజి పని కోసం 2004లో దాన్ని ఆపేశారు. వంతెన మీదివి ఆ లైను స్లీపర్లేనని ఊరి మాట. అయిదడుగుల పొడవు, పట్టా మేకులు దిగిన బొక్కలు చూశాక ఆ మాట నమ్మబుద్ధయింది. కర్ర సాలు, మన గుగ్గిలం చెట్టుది. సాలు చేవలోకి, అంటే చెట్టు నడిమి ముదురు కర్రలోకి, పుచ్చు పట్టకుండా ఆపే మందు ఎక్కించడం చాలా కష్టం, కంపెనీ ప్రెషర్ ట్యాంకులో పెట్టినా పైపైనే ఆగుతుంది. ఎక్కించాల్సిన అవసరమూ పెద్దగా లేదు. చెదకూ బూజుకూ ఆ చేవ తనంతట తానే నిలబడుతుంది.

వాటి కింద రెండు దూలాలు. అవీ సాలువే, సుమారు ఆరు మీటర్ల పొడవు, 150 మిల్లీమీటర్ల వెడల్పు, 250 లోతు. వంతెన గుంజలు, చేతి కమ్మీలు, మెట్ల దుంగలు, మలుపులోని రెయిలింగు మాత్రం తర్వాత వచ్చినవి. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి గజపతి మీదుగా పోయింది. చెట్లు ఎలా పడ్డాయో ఆ ఏడాది ఈ దారిన పోయినవాళ్లకు తెలుసు. బాట మీదివి చాలా భాగం కొట్టుకుపోతే, పడిపోయిన చెట్లనే కోసి గబగబా మళ్లీ నిలబెట్టారు. ఎక్కువగా నీలగిరి, కొన్ని చోట్ల మామిడి, ఇంకేవేవో. ఆ పరిస్థితిలో దారి తెరిచినందుకు వాళ్లను తప్పు పట్టలేను. తాత్కాలికమనుకుని వేసినదాన్ని ఎవరూ మళ్లీ పట్టించుకోకపోవడమే ఇబ్బంది అయింది.

చేవ చుట్టూ ఉండే లేత రంగు చెక్క చెట్టు బతికున్నప్పుడు నీరు మోసే భాగం, అందులో పిండిపదార్థం నిలవ ఉంటుంది. ఏ జాతి చెట్టయినా సరే, ఆ తెల్లచెక్క మట్టిలో నిలవదు. తోటల్లో పెంచిన నీలగిరి గుంజల్లో, సన్నవాటిలో మరీ, తెల్లచెక్కే ఎక్కువ. పైగా ఇక్కడ పచ్చి కర్రను ఆరబెట్టకుండా పాతారు, బెరడు కూడా తీయలేదు. బెరడుకీ కర్రకీ మధ్య చెమ్మ నిలిచి పురుగుకు అదే ఇల్లయింది. వేలితో నొక్కితే బెరడు ఊడి కింద పిండి రాలిన దుంగలు మెట్లలో ఎన్నో.

ఎలా చూశాం

సామాను పెద్దగా ఏమీ లేదు. చిన్న సుత్తి, మొన అరగని స్క్రూడ్రైవరు, 6 మిల్లీమీటర్ల బిట్టుతో బ్యాటరీ డ్రిల్లు, సూదుల తేమ మీటరు, టార్చి. సుత్తి చప్పుడు మొదటి జల్లెడ మాత్రమే. గట్టి కర్ర ఖంగున పలుకుతుంది, లోపల డొల్ల అయితే మొద్దుగా మోగుతుంది. కానీ చుట్టూ గట్టి చర్మం మిగిలి లోపల పుచ్చు అప్పుడే మొదలైన కర్ర కూడా బాగానే మోగుతుంది. అందుకే అనుమానం వచ్చిన చోట డ్రిల్లు. మంచి కర్రలోంచి మెలికలు తిరిగిన పొట్టు వస్తుంది, పుచ్చులోంచి నల్లటి తడి పొడి. బిట్టు ఉన్నట్టుండి లోపలికి జారిందంటే అక్కడ ఏమీ మిగల్లేదు. వేసిన ప్రతి బొక్కనూ గట్టి కర్ర చీలతో, తారు ముంచి బిగించాలి, లేదంటే మన పరీక్షే కొత్త పుచ్చుకు దారి అవుతుంది.

తేమ మీటరు అంకెను అతిగా నమ్మకూడదు. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే బూజు పని చేయదు. సుమారు 30 దగ్గర పీచంతా నీటితో నిండుతుంది, అక్కడినుంచి బూజుకు పండగ. సూదుల మీటరు ఆ 30 దాటాక చెప్పే అంకెకు పెద్ద అర్థం లేదు. వాన పడిన మర్నాడు పైపొర కొలిచినా అంతే. మేం చూసింది డిసెంబరులో, కొండ మీద ఎండ బాగా కాసిన రోజుల్లో. ఆ రోజుల్లో కూడా ఏ చోట 25 దాటి చూపిస్తుందో ఆ చోటు ఏడాదంతా ఆరడం లేదన్న మాట. అలాంటి చోట్లన్నీ సుద్దముక్కతో గీశాం. గీతలన్నీ ఒకే రకం చోట్ల పడ్డాయి: చెక్క మట్టిలోకి దిగే చోట, కాంక్రీటులోకి దిగే చోట, రాయి మీద కూర్చునే చోట, ఇంకో చెక్క మీద ఆనే చోట. చుట్టూ గాలి ఆడే భాగాల్లో ఒక్క గీతా లేదు.

మట్టిలో కూడా బాగా లోతుకు పోయిన భాగం కంటే నేల మట్టం దగ్గరి జానెడే ఎక్కువ పోతుంది. లోతున గాలి తక్కువ, పైన చెమ్మ తక్కువ, ఆ జానెడులో రెండూ ఉంటాయి. రెయిలింగు గుంజ పక్కన మట్టి తవ్వకుండా, పైన తట్టి సంతకం పెట్టిన తనిఖీ రిపోర్టులను నేను లెక్కలోకి తీసుకోను.

వంతెన

ఎక్కువ సమయం ఇక్కడే పోయింది. పైనుంచి చూస్తే ఈ బాటలో అన్నిటికంటే దృఢంగా కనిపించేది ఇదే. ఏటా శివరాత్రి ముందు ఆకుపచ్చ ఎనామెల్ పెయింటు వేస్తారట, పొర మీద పొర పేరుకుని మెరుస్తూ ఉంది. స్లీపర్లు సుత్తికి ఖంగుమన్నాయి. మాతో వచ్చిన వడ్రంగి పర్లాకిమిడి మనిషి, మా నాన్న వయసు వాడు. నేను దూలం నడుమ డ్రిల్లు పెట్టబోతుంటే అడ్డుకున్నాడు: "నడిమిన ఎందుకు బాబూ? దూలం కూకున్న కాడ సూడండి. అక్కడ గాలాడదు."

దూలం చివరలు రెండు వైపులా గట్టు రాళ్ల మీద ఆని ఉన్నాయి. వెనక రాతిగోడకూ దూలం చివరకూ మధ్య ఖాళీ లేదు. ఉన్న కొద్ది సందులో కొండ మీంచి జారిన మట్టి, ఆకు, గేదెల పేడ ఏళ్ల తరబడి పేరుకుని ఎరువు అయిపోయింది. చెక్క చివర అంటే కోసిన అడ్డకోత. నీరు పీల్చే గొట్టాలన్నీ అక్కడ నోరు తెరిచి ఉంటాయి కాబట్టి పక్క ముఖాల కంటే ఎన్నో రెట్లు వేగంగా నీరు తాగుతుంది. అడ్డకోతను తడి ఎరువులో పాతిపెడితే సాలు అయినా ఎంతకాలమని నిలబడుతుంది? గోకి తీస్తే గోధుమరంగు పుచ్చు, చదరాలు చదరాలుగా పగిలి, వేళ్లతో నలిపితే పొడి. ఒక చివర రాయి మీద ఆనిన భాగంలో సగానికి తక్కువ మిగిలింది. పెయింటు పొర మాత్రం చివరి దాకా చెక్కుచెదరలేదు. లోపలి చెమ్మ బయటికి పోకుండా ఆపింది కూడా అదే.

రెండో చోటు దూలం పైముఖం. స్లీపర్లను ఒకదానికొకటి ఆనించి పరిచారు, సందు లేదు. వాటి మేకు బొక్కల్లోంచి దిగిన నీరు దూలం పైముఖం మీద నిలిచింది. స్లీపర్లను బిగించిన మామూలు ఇనుప బోల్టుల చుట్టూ కర్ర నల్లబడింది. తడిలో ఇనుము తుప్పు పడుతూ కర్రలోని వగరు పదార్థంతో కలిసి ఆ నలుపు వస్తుంది. దానితో పాటు బోల్టు చుట్టూ కర్ర మెత్తబడి బొక్క వెడల్పవుతుంది. బోల్టులు చేత్తో తిప్పితే తిరిగాయి. దూలం నడుమ డ్రిల్లు వేస్తే పైనుంచి దాదాపు 50 మిల్లీమీటర్ల దాకా నల్లపొడి, తర్వాత మంచి ఎర్రటి పొట్టు.

"250లో 50 పోయింది, అయిదింట నాలుగు వంతులు ఉందిగా" అన్నాడు కమిటీలో ఒక తమ్ముడు. వంగే బలం లోతును బట్టి కాదు, లోతు వర్గాన్ని బట్టి మారుతుంది. 200ని 250తో భాగించి వర్గం చేస్తే 0.64. అంటే ముప్పై ఆరు శాతం బలం అక్కడికక్కడే పోయింది. మిగిలిన 200లో బూజు అప్పుడే మొదలైన పొర ఎంతో కంటికి తెలియదు. గోధుమ పుచ్చులో మోసం అదే: కర్ర బరువు పదో వంతు తగ్గకముందే బలం సగానికి పైగా పోవచ్చు. మంచి కర్ర విరిగే ముందు వంగుతుంది, చిటపటమంటుంది, పీచులు లేస్తాయి. ఇది బిస్కెట్టులా పుటుక్కున విరుగుతుంది.

ఇక మీద పడే బరువు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఆరో నంబరు కోడ్ కాలిబాటలకు మామూలుగా చదరపు మీటరుకు 400 కిలోలు లెక్కించమంటుంది. యాత్రాస్థలాల దగ్గర, పెద్ద జాతరలు జరిగే చోట 500. రోడ్డు వంతెనల కోసం రాసిన కోడ్ అయినా, శివరాత్రి నాడు ఈ గెడ్డ దగ్గర క్యూ ఆగినప్పుడు జరిగేది సరిగ్గా అదే. ఆరు మీటర్లు, ఒకటిన్నర వెడల్పు, మొత్తం 9 చదరపు మీటర్లు. నాలుగున్నర టన్నులు. మామూలు రోజున నలుగురైదుగురు ట్రెక్కర్లు దాటితే దీనిలో పదో వంతు కూడా పడదు. ఇన్నేళ్లూ ఏమీ కాలేదన్న ధైర్యానికి ఆధారం ఆ మామూలు రోజులే.

ఇసుక బస్తాలు పేర్చి పరీక్షిద్దామని సూచన వచ్చింది. నేను వద్దన్నాను. ఇవాళ బస్తాలు మోసిన దూలం రేపు వానాకాలం తర్వాత మోస్తుందని చెప్పలేం. పైగా పుచ్చిన దూలాన్ని ఆ పరీక్షే లోపల చిట్లించి వదలొచ్చు. వంతెన ఆ రోజే మూసేశాం. చలికాలం కాబట్టి గెడ్డలో రాళ్లు పరిచి పక్కదారి చేశారు ఊరివాళ్లు. మూసేశామని బోర్డు పెట్టి వదిలేస్తే జనం దాని పక్కనుంచి దూరి వంతెనే ఎక్కుతారు, అందుకే రెండు చివర్లా స్లీపర్లు రెండేసి ఊడదీయించాం.

ఏం పెట్టాం, ఎందుకు

కొత్త సాలు దూలాలే వేయాలని కొందరి పట్టు. మంచి మాటే, కానీ ఆరు మీటర్ల పొడవున తెల్లచెక్క లేకుండా చేవ మాత్రమే ఉన్న సాలు దొరకడం ఇప్పుడు గగనం. దొరికినదాన్ని పర్మిట్‌తో తెచ్చి ఆరబెట్టేసరికి శివరాత్రి దాటిపోతుంది. అందుకే ఇనుప దూలాలు వేద్దామన్నాను. ఇనుము బరువు కదా, కొండ ఎలా ఎక్కిస్తారన్నారు. లెక్క చూస్తే తిరగబడింది. 200 మిల్లీమీటర్ల ఐఎస్‌ఎంసీ ఛానెల్ (సి అక్షరం ఆకారపు ఉక్కు దూలం) మీటరుకు 22 కిలోల పైచిలుకు, ఆరు మీటర్లకు నూట ముప్పై, నూట నలభై మధ్య. పాత సాలు దూలం ఒక్కొక్కటి దాదాపు నూట తొంభై. జింకు పూత వేయించిన ఛానెళ్లను సవర తెగ కుర్రాళ్లు కావిళ్లు కట్టి మధ్యాహ్నానికల్లా పైకి చేర్చారు. లెక్కకు సరిపోయింది, జనం నిండితే కాస్త ఊగుతుంది, అది ముందే చెప్పాను.

కొత్త ఆనిక దగ్గరే అసలు జాగ్రత్త. గట్టు రాయి మీద ఇంకో దిమ్మ పేర్చి ఛానెల్‌ను జానెడు పైకి లేపాం. వెనక గోడకూ ఛానెల్ చివరకూ మధ్య చెయ్యి పట్టేంత సందు వదిలాం, చీపురు ఆడాలి. కొండ మీంచి వచ్చే నీరు గట్టు వెనకనుంచే పక్కకు మళ్లేలా చిన్న కాలువ తవ్వించాం. పైన మళ్లీ అవే పాత స్లీపర్లు. పెయింటంతా గీకించి ఒక్కొక్కటీ డ్రిల్లుతో చూస్తే, చివరలు పుచ్చినవి కొన్ని, మేకు బొక్క ఆ వైపు దాకా పోయినవి కొన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఎక్కువ భాగం నిక్షేపంగా ఉన్నాయి. వాటిని తిరగేసి, బొక్క నోరు నేల వైపు ఉండేలా పరిచాం. ఇప్పుడు ఆ బొక్కల్లో నీరు నిలవదు. స్లీపరుకూ స్లీపరుకూ మధ్య 12 మిల్లీమీటర్ల సందు, ఛానెల్‌కూ చెక్కకూ మధ్య తారు ఫెల్టు ముక్క, జింకు పూత బోల్టులు, కోసిన చివరలకు వేడి తారు. జారకుండా కోళ్ల జాలీ కొట్టమని అడిగారు. జాలీ కింద ఆకు, మట్టి నిలుస్తాయి, వద్దన్నాను. పైనున్న రెండు కొమ్మలు కొట్టించి ఎండ పడేలా చేస్తే పాచి చాలా వరకు తగ్గింది.

మెట్ల విషయంలో చర్చ అక్కర్లేకపోయింది. మట్టిలో అడ్డంగా పాతి, వెనక తడి మట్టి నింపిన దుంగ పుచ్చడానికే పెట్టినట్టు ఉంటుంది. మందు ఎక్కించిన కర్ర తెస్తే కొన్నేళ్లు ఆగుతుంది, కానీ తూర్పు కనుమల్లో కాలి కింద రాయి పెట్టుకుని లారీలో కర్ర తెప్పించుకోవడం నాకు నచ్చదు. మహేంద్రగిరి మీది కుంతి, భీమ, యుధిష్ఠిర ఆలయాలు ఈ ప్రాంతపు రాతి పనే. ఊళ్లో రాయి కొట్టే చేతులు ఇంకా ఉన్నాయి. దుంగలన్నీ తీయించి రాతి మెట్లు పెట్టాం, మధ్య మధ్య నీటిని పక్కకు తోసే ఏటవాలు రాతి అడ్డు.

రెయిలింగు గుంజలు కాంక్రీటులో పాతి ఉన్నాయి. కాంక్రీటు చెక్కను కాపాడుతుందని చాలామంది మేస్త్రీల నమ్మకం. నిజానికి గుంజ ఆరినప్పుడు కుంచించుకుని చుట్టూ సందు పడుతుంది, అందులోకి దిగిన వాన నీటికి బయటికి దారి ఉండదు. పైన నిటారుగా నిలబడ్డ గుంజ ఒక్క చేత్తో తోస్తే వాలింది. ఇక్కడ కొత్త రెయిలింగు సగమే పెట్టాం, జీఐ పైపుతో. మిగతా సగంలో బాటనే అంచునుంచి లోపలికి జరిపి, మధ్యలో పెద్ద రాళ్లు పేర్చాం. జనం ఆనుకుని ఫోటోలు దిగే చోట పుచ్చిన రెయిలింగు ఉండడం కంటే అసలు లేకపోవడమే నయం. లేని చోట మనిషి తానే జాగ్రత్తగా నిలబడతాడు.

మందుల గురించి ఒక్క ముక్క, ఎందుకంటే అందరూ అడుగుతారు. బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం ఇంటి లోపలి చెక్కకు మంచిదే, వానలో కడుక్కుపోతుంది. బ్రష్షుతో పూసేది ఏదైనా పైపైనే. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసే అలవాటు ఇక్కడ బలంగా ఉంది. ఈ గెడ్డ నీళ్లు కింద ఊళ్లో తాగుతారు కాబట్టి ఒప్పుకోలేదు.

ఒక వానాకాలం గడిచాక మళ్లీ చూశాం. ఛానెల్ ఆనికల దగ్గర ఆకు అప్పుడే బెత్తెడు పేరుకుంది, కానీ సందు ఉంది కాబట్టి చీపురుతో పోయింది. ఒక స్లీపరు నిలువునా కొత్తగా పగిలింది. పగులు పక్కకు తిరగలేదు, గుర్తు పెట్టి వదిలాం. రాతి మెట్లలో ఒకచోట నీరు అడ్డును తప్పించుకుని పక్క మట్టిని కోసింది, అడ్డు ఇంకో మూరెడు పొడిగించాలి. తనిఖీకి రెండు వేళలు రాసిచ్చాను: అక్టోబరు తుఫానుల తర్వాత ఒకటి, శివరాత్రికి నెల ముందు ఒకటి. ఊరి యువకుల్లో ఇద్దరికి డ్రిల్లు పొట్టు చూసి చెప్పడం నేర్పాం, ఇప్పుడు నాకంటే ఓపిగ్గా చూస్తున్నారు.

తేలనిది ఒక్కటే, పెయింటు. పండక్కి వంతెన ఆకుపచ్చగా మెరవకపోతే ఎలా అని కమిటీ పెద్దాయన పట్టు వదల్లేదు. ఛానెళ్లకూ పైపులకూ ఎంత కావాలంటే అంత వేసుకోండి, స్లీపర్ల మీద చుక్క పడకూడదన్నాను. ఈసారికి సరేనన్నారు.